డి7100 నుంచి మిర్రర్‌లెస్‌కి: కచేరీలకు, మాడవీధులకు, పక్షులకు ఏ బాడీ, ఏ లెన్స్?

కోనేటి_గట్టు | మైలాపూర్ | నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నా దగ్గర ఉన్నవి: లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా నికాన్ డి7100, దానితో వచ్చిన 18-140, 50 ఎంఎం ఎఫ్ 1.8డి, 70-300 వీఆర్. పదేళ్ళు దాటింది, ఏదీ మొరాయించలేదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకి మారాలనిపించడానికి కారణం ఒకటే. పోయిన డిసెంబర్ సంగీత సీజన్‌లో తెలిసినవాళ్ళ అమ్మాయి కచేరీకి వెళ్ళాను. నిర్వాహకుల్ని అడిగే కెమెరా తీసుకెళ్ళాను. ఆలాపన నడుస్తోంది, హాలంతా నిశ్శబ్దం. నేను షట్టర్ నొక్కాను. ఆ 'ఠక్' చప్పుడుకి ముందు వరుసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చూశారు. ఏమీ అనలేదు. నాకు మాత్రం ప్రాణం చచ్చిపోయింది. కెమెరా సంచిలో పెట్టేసి మళ్ళీ తీయలేదు.

ఈ డిసెంబర్‌లో మా అక్క కూతురికే ఒక సభలో మధ్యాహ్నం స్లాట్ వచ్చింది, వయొలిన్. ఆ ఫొటోలు నేనే తీయాలి. ఇది కాక ఆదివారాలు కపాలీశ్వరర్ గుడి చుట్టూ తిరుగుతాను, పంగుని ఉత్సవంలో అరుపత్తుమూవర్ (అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు) రోజున తప్పకుండా. అప్పుడప్పుడూ పళ్ళికరణై చిత్తడినేలకి వెళ్ళి పక్షులు తీస్తాను. బడ్జెట్ 90 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. ఏ బాడీ తీసుకోమంటారు?

అంబత్తూరు_అపర్చర్ | నవంబర్ 3, రాత్రి 10:15

స్వాగతం అన్నా. నా మాట సూటిగా: సోనీ ఏ6400. ఉన్నవన్నీ అమ్మేసి అటు వచ్చేయండి. సోనీ ఈ-మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) 2010 నుంచి ఉంది. సిగ్మా, టామ్రాన్, విల్‌ట్రాక్స్, సామ్యాంగ్ అందరూ దానికి లెన్సులు చేశారు. పాతవి కొనాలన్నా అమ్మాలన్నా ఈ ఊళ్ళో వారం తిరక్కుండా పని అయిపోతుంది. బాడీ 403 గ్రాములు. మీ డి7100 బ్యాటరీతో కలిపి 765. సంచి భుజాన వేసుకోగానే ఆ తేడా తెలుస్తుంది.

కన్ను పట్టుకునే ఫోకస్ ఒక్కసారి అలవాటైతే పాత పాయింట్ల పద్ధతికి వెనక్కి వెళ్ళలేరు.

తాంబరం_లోకల్ | నవంబర్ 3, రాత్రి 10:52

వీధి ఫొటోలు అన్నారు కాబట్టి ఫ్యూజీ పేరు చెప్పకుండా ఉండలేను. నాది ఎక్స్-టీ30, 35 ఎంఎం ఎఫ్ 2. రోజూ తాంబరం నుంచి బీచ్ స్టేషన్ దాకా లోకల్‌లో వెళ్ళి వస్తాను. నా ఫొటోల్లో సగం ఆ రైలు కిటికీ దగ్గర తీసినవే. లెన్స్ 170 గ్రాములు. హ్యాండ్‌బ్యాగ్‌లో టిఫిన్ డబ్బా పక్కన పట్టేస్తుంది.

రంగుల గురించి ఒక మాట. మా ఇంట్లో అందరం చామనఛాయ. ఫోన్‌లో తీస్తే ముఖం తెల్లబడిపోయి, నున్నగా, ఎవరిదో ముఖంలా వస్తుంది. ఫ్యూజీలో తీసినప్పుడు మా అమ్మ చర్మం మా అమ్మ చర్మంలాగే ఉంది. నేను ఆ కెమెరా కొనడానికి అదే కారణం. మీ మేనకోడలి ఫొటోలకి కూడా ఇది ఆలోచించండి.

అంబత్తూరు_అపర్చర్ | నవంబర్ 3, రాత్రి 11:05

రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైల్) తీస్తే ఏ కెమెరాలో అయినా ఆ రంగు తెచ్చుకోవచ్చు అక్కా.

తాంబరం_లోకల్ | నవంబర్ 3, రాత్రి 11:11

తెచ్చుకోవచ్చు తమ్ముడూ, కంప్యూటర్ ముందు కూర్చునే తీరిక ఉంటే. నేను ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. జేపెగ్ కెమెరాలోంచే బాగా రావాలి.

సభా_చివరి_వరుస | ట్రిప్లికేన్ | నవంబర్ 4, ఉదయం 6:20

కోనేటి_గట్టు గారూ, నేను కచేరీలు పన్నెండేళ్ళుగా తీస్తున్నాను. దయచేసి బాడీ దగ్గర మొదలుపెట్టకండి. హాల్లో వెలుతురు ఎంత, మీరు కూర్చునే చోటు ఎక్కడ, ఈ రెండూ తేల్చుకుంటే లెన్స్ తేలుతుంది. లెన్స్ తేలాక బాడీ దానంతట అదే వస్తుంది.

మధ్యాహ్నం స్లాట్ అంటే స్టేజీ మీద పూర్తి లైట్లు వేయకపోవచ్చు. అలాంటి చోట నాకు మామూలుగా కుదిరేది సెకనులో 125వ వంతు, ఎఫ్ 1.8, ఐఎస్ఓ 1600. ఎఫ్ అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకుని వెలుతురు ఎక్కువ వస్తుంది; ఐఎస్ఓ పెంచితే ఫొటో వెలుగుతుంది కానీ గరుకుగా వస్తుంది. ఇప్పుడు ఇదే చోట కెమెరాతో వచ్చే కిట్ జూమ్ పెట్టారనుకోండి. పొడవు చివర దాని అపర్చర్ ఎఫ్ 6.3. అదే షట్టర్ వేగం ఉంచితే ఐఎస్ఓ దాదాపు 20000 కావాలి. ఎఫ్ 1.8కి, ఎఫ్ 6.3కి మధ్య వెలుతురులో తేడా సుమారు 12 రెట్లు. ఏ కంపెనీ సెన్సార్ కొన్నా ఆ 12 రెట్లు పూడ్చలేదు. లక్ష రూపాయల బాడీకి కిట్ లెన్స్ తగిలించి తెచ్చినవాళ్ళ ఫొటోలు చూశాను. చీర అంచు జరీ అంతా ఇసక చల్లినట్టు ఉంటుంది.

చాలామంది 'బాడీలో స్టెబిలైజేషన్ ఉందిగా' అంటారు. అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది. మృదంగం వాయించేవారి చేతిని ఆపదు. దానికి షట్టర్ వేగమే దిక్కు. కాబట్టి కచేరీ కోసమే అయితే దానికి డబ్బు పెట్టకండి.

రెండో సంగతి, చప్పుడు. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి అది లేచి పడే చప్పుడు లేదు. కానీ మెకానికల్ షట్టర్ చప్పుడు ఉంటుంది, కాస్త మెత్తగా. పూర్తి నిశ్శబ్దం కావాలంటే ఎలక్ట్రానిక్ షట్టర్ వాడాలి. దాని కష్టాలు దానికి ఉన్నాయి. మామూలు సెన్సార్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కసారిగా చదవదు, వరుసలు వరుసలుగా చదువుతుంది. ఈ లోపల కదిలే వస్తువు జరిగిపోతుంది. వేగంగా వాయించేటప్పుడు వయొలిన్ కమాను వంగినట్టు వస్తుంది. మీరు తీయబోయేది వయొలినే కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇక లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి కనపడదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌కి మాత్రం అడ్డంగా చారలు చారలుగా దొరికిపోతుంది. దీనికి ఉపాయం ఉంది. ముందు మీరు మీ కచేరీ హాలుకి వెళ్ళి, ఎక్కడ కూర్చుంటారో చూసి రండి.

చిన్న_సెన్సార్ | నవంబర్ 4, ఉదయం 8:02

మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సార్ కెమెరాల్ని ఎవరూ తలవలేదు కాబట్టి నేను తలుస్తాను. అసలు మిర్రర్‌లెస్ మొదలైందే అక్కడ, 2008లో పానసోనిక్ జీ1తో. నా ఒలింపస్ ఈ-ఎం5 మార్క్ 3 బరువు 414 గ్రాములు, వానకి తట్టుకుంటుంది. 45 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ 116 గ్రాములే. పక్షులకి 75-300 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో (పాత ఫిల్మ్ సైజు సెన్సార్‌లో) 600 ఎంఎంతో సమానమైన దృశ్యం, అదీ అరకిలో లోపు లెన్స్‌తో. కోనేటి గట్టు మీద కూర్చుని రోజంతా తీసినా మెడ నొప్పి రాదు. అరవై దాటినవాడిని, ఆ మాటకి నా దగ్గర చాలా విలువ ఉంది.

సభా_చివరి_వరుస | నవంబర్ 4, ఉదయం 8:30

మీ మాట నిజమే సార్, బరువు విషయంలో దానికి సాటి లేదు. ఎఫ్ 1.8 ఏ సెన్సార్ మీదైనా ఎక్స్‌పోజర్‌కి ఎఫ్ 1.8నే. కానీ డి7100, ఏ6400లలో ఉండే ఏపీఎస్-సి సెన్సార్ వైశాల్యం దీనికి ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది. చీకటి హాల్లో ఐఎస్ఓ 3200 దాటినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. పగలు గుడి చుట్టూ తిరిగేవాళ్ళకైతే నేనూ అదే చెబుతాను.

పాతగాజు | నవంబర్ 4, మధ్యాహ్నం 1:15

అన్నీ అమ్మేయమన్న సలహాకి నేను ఒప్పుకోను. ఆ 50 ఎంఎం ఎఫ్ 1.8డి మాత్రం అమ్మకండి.

లెన్స్ మౌంట్ నుంచి సెన్సార్ దాకా ఉండే దూరం నికాన్ పాత ఎఫ్-మౌంట్‌లో 46.5 మిల్లీమీటర్లు. మధ్యలో అద్దం ఊగడానికి చోటు కావాలి కాబట్టి అంత. ఎఫ్-మౌంట్ 1959 నాటిది. కొత్త జెడ్-మౌంట్‌లో ఆ దూరం 16 మిల్లీమీటర్లే. మిగిలిన 30.5 మిల్లీమీటర్లు ఒక గొట్టంతో నింపితే పాత లెన్స్ తన దూరంలో తను కూర్చుంటుంది. అడాప్టర్ అంటే ప్రాథమికంగా ఆ గొట్టమే, లోపల గాజు అక్కర్లేదు. అందుకే మిర్రర్‌లెస్ వచ్చాక బీరువాల్లో పడి ఉన్న పాత లెన్సులకి మళ్ళీ ప్రాణం వచ్చింది. మా నాన్నగారి రష్యన్ హీలియోస్ 58 ఎంఎం నేను ఇప్పుడు డిజిటల్‌లో వాడుతున్నాను. వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి, థియొసాఫికల్ సొసైటీ మర్రిచెట్టు కింద అద్భుతంగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. నికాన్ పాత లెన్స్‌ని జెడ్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో, సొంత మోటర్ లేని లెన్సుల ఫోకస్ తిప్పే స్క్రూ మోటర్ లేదు. మీ 70-300 వీఆర్‌కి, 18-140కి సొంత మోటర్ ఉంది కాబట్టి ఆటోఫోకస్ పనిచేస్తుంది. 50 ఎంఎం డి లెన్స్‌ని చేత్తోనే ఫోకస్ చేయాలి. మీటరింగ్, అపర్చర్ పనిచేస్తాయి. ఫోకస్ కుదిరిన అంచులు రంగుతో మెరిసే ఫోకస్ పీకింగ్ ఉంది కాబట్టి కోనేటి మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి చాలు. కచేరీకి చాలదు.

పులికాట్_పొద్దు | నవంబర్ 4, సాయంత్రం 7:48

పక్షుల గురించి నేను చెబుతాను. నాది కెనాన్ ఆర్7, ఆర్ఎఫ్ 100-400. లెన్స్ 635 గ్రాములు, కెనాన్ చిన్న సెన్సార్ క్రాప్ (ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చే గుణకం) 1.6 కాబట్టి చివర 640 ఎంఎంతో సమానం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకి రెండుసార్లు సెంట్రల్ నుంచి సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి పులికాట్ వైపు, నేలపట్టు వైపు వెళ్తాను. గూడబాతుల కళ్ళని కెమెరా దానంతట అదే పట్టుకుంటుంది. డీఎస్ఎల్ఆర్‌లో పదింటికి నాలుగు సరిగ్గా వస్తే, ఇందులో ఎనిమిది వస్తున్నాయి.

అయినా మిమ్మల్ని కొనమని చెప్పను. ఎందుకంటే 400 దగ్గర దాని అపర్చర్ ఎఫ్ 8. సూర్యుడు వచ్చాక బ్రహ్మాండం. సూర్యుడు రాకముందు ఫ్లెమింగోలు కదిలే ఆ ఇరవై నిమిషాల్లో ఐఎస్ఓ ఆకాశానికి వెళ్తుంది. కచేరీ హాల్లో ఇక చెప్పక్కర్లేదు. 90 వేలలో కచేరీ, పక్షులు రెండూ ఒకేసారి కుదరవు. పైగా పళ్ళికరణైలో రోడ్డు మీంచి తీస్తారు, ఎండలో. అక్కడ ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కంటే మీ డి7100 అద్దం వ్యూఫైండరే కంటికి హాయి. బ్యాటరీ కూడా: డి7100 ఒక్క చార్జికి 950 ఫొటోలు అని కంపెనీ రేటింగ్. ఈ తరగతి మిర్రర్‌లెస్‌లు 300, 400 దగ్గర ఆగుతాయి. పక్షులకి ఇంకో రెండేళ్ళు డి7100, 70-300 ఉంచుకోండి. అది ఇప్పటికీ మంచి కెమెరా.

అంబత్తూరు_అపర్చర్ | నవంబర్ 4, రాత్రి 9:20

ఉంచుకుంటే విలువ పడిపోతుంది అన్నా. నికాన్ చివరి డీఎస్ఎల్ఆర్‌లు డి780, డి6 రెండూ 2020లో వచ్చినవి. కొత్త లెన్సుల పని అంతా జెడ్ మౌంట్ మీదే నడుస్తోంది.

పులికాట్_పొద్దు | నవంబర్ 4, రాత్రి 9:31

విలువ ఎప్పుడో పడిపోయింది తమ్ముడూ. ఇప్పుడు అమ్మితే వచ్చేదానికంటే అది ఇచ్చే ఫొటోలే ఎక్కువ.

కోనేటి_గట్టు | నవంబర్ 8, రాత్రి 10:05

అందరికీ కృతజ్ఞతలు. సభా_చివరి_వరుస గారు చెప్పినట్టు హాలుకి వెళ్ళి చూసి వచ్చాను. మూడో వరుసలో కుడివైపు చివరి కుర్చీ అయితే ఎవరికీ అడ్డం రాను. అక్కడి నుంచి వేదికకి సుమారు ఎనిమిది మీటర్లు. నా 18-140తో కొలుచుకున్నాను. 55 దగ్గర వేదిక మీద ముగ్గురూ పడుతున్నారు. ఒక్కరే కావాలంటే 100 దాటాలి. కానీ నాకు 55 ఫ్రేమే నచ్చింది. అమ్మాయి, పక్కన మృదంగం, వెనక తంబూర. వయొలిన్ ఒక్కటే ఉంటే అది కచేరీ అనిపించలేదు.

తర్వాత శని, ఆదివారాలకి రెండు కెమెరాలు అద్దెకి తెచ్చాను: సోనీ ఏ6400, నికాన్ జెడ్50. రెండింటికీ సిగ్మా 56 ఎంఎం ఎఫ్ 1.4 దొరికింది. అంటే లెన్స్ ఒకటే, బాడీలే వేరు. అక్క వాళ్ళింట్లో అమ్మాయి సాధన చేస్తుంటే తీశాను.

ముందు నిశ్శబ్దం. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫొటో పడిందో లేదో కూడా తెలియలేదు, తెర మీద చిన్న గుర్తు వస్తేనే తెలిసింది. అమ్మాయి వర్ణం వాయిస్తూనే ఉంది, ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. ఈ ఒక్కదాని కోసమే మార్చాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

ఫోకస్ రెండింటిలోనూ కన్ను పట్టుకుంది. సోనీ ఇంకాస్త మొండిగా పట్టుకుంటుంది. కమాను ముఖం ముందు నుంచి వెళ్ళినప్పుడు నికాన్ రెండుమూడు సార్లు కమాను మీదికి జారింది. నా పాత కెమెరాలో 50 ఎంఎం ఎప్పుడూ కొంచెం వెనక్కి ఫోకస్ అయ్యేది, మెనూలో సర్దుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఫొటో పడే సెన్సారే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఆ తంటా లేదు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు.

చేతిలో మాత్రం నికాన్ బాగుంది. నా వేళ్ళు లావు. సోనీలో చిటికెన వేలు కిందికి వేలాడింది. మెనూలు కూడా జెడ్50లో నాకు పదేళ్ళుగా తెలిసినవే.

కష్టాలు రెండు. గోడకి ఉన్న ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ కింద సెకనులో 250వ వంతులో తీస్తే ఫొటో నిండా బూడిదరంగు చారలు. అలాగే తానం వాయించేటప్పుడు కమాను నిజంగానే వంగింది, కొస దగ్గర ములక్కాడలా. రెండు కెమెరాల్లోనూ.

సభా_చివరి_వరుస | నవంబర్ 9, ఉదయం 6:10

ఎంత బాగా చూశారు! ఇంత శ్రద్ధగా పరీక్ష చేసి వచ్చి చెప్పినవాళ్ళు ఈ మధ్య లేరు.

చారలకి: సెకనులో 100వ వంతు పెట్టండి. లైటు సెకనుకి 100 సార్లు మినుకుతోంది కదా, 100వ వంతు తెరిచి ఉంచితే ప్రతి వరుసకీ సరిగ్గా ఒక పూర్తి మినుకు అందుతుంది. కాబట్టి చారలు ఉండవు. 50వ వంతు కూడా పనిచేస్తుంది, తంబూర వేసేవారికి సరిపోతుంది. 125, 160, 250 వద్దు. కొన్ని హాళ్ళలో డిమ్మర్‌తో నడిచే ఎల్‌ఈడీలు ఉంటాయి, వాటి లెక్క వేరు. కచేరీకి అరగంట ముందు వెళ్ళి, స్టేజీ లైట్లు వేశాక ఖాళీ వేదిక మీద నాలుగు తీసి పెద్దది చేసి చూసుకోండి.

కమానుకి: కమాను ఎప్పుడూ ఒకే వేగంతో కదలదు. కొసకి చేరి దిశ మార్చుకునే క్షణంలో అది దాదాపు ఆగుతుంది. సంగీతం వింటూ ఉంటే ఆ క్షణం ముందే తెలుస్తుంది. 100వ వంతులో కూడా అప్పుడు నిటారుగా వస్తుంది. ఆలాపనలో దీర్ఘ స్వరాలు పట్టినప్పుడు ఇంకా తేలిక. తానం, స్వరకల్పన లాంటి వేగం ఉన్నచోట మెకానికల్ షట్టరే సరైనది, కానీ దాని చప్పుడు వినపడకుండా ఉండాలంటే తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) దాకా ఆగండి. మృదంగం ఊపందుకున్నప్పుడు మీ షట్టర్ ఎవరికీ వినపడదు, ఆ తర్వాత ఎలాగూ చప్పట్లు ఉంటాయి. నేను మృదంగం చేతుల్ని ఎప్పుడూ అప్పుడే 500వ వంతులో తీస్తాను.

సోనీ ఏ9 మార్క్ 3లో సెన్సార్ మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ వచ్చింది, అందులో ఈ వంపు ఉండదు. మన బడ్జెట్లకి అది అందని మాట. చెవి పెట్టి వింటే చాలావరకు మనమే సంబాళించుకోవచ్చు.

తాంబరం_లోకల్ | నవంబర్ 9, ఉదయం 7:45

'ఆ క్షణం ముందే తెలుస్తుంది' అన్నది చదివి రైల్లో కాసేపు అలాగే ఉండిపోయాను సార్. స్టేషన్‌లో బండి ఆగేముందు జనం ఒక్కసారి ముందుకి వంగుతారు, నేను దానికోసం చూస్తాను.

కోనేటి_గట్టు గారూ, మీ పరీక్ష చదివాక ఫ్యూజీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ చేతికి నికాన్ అలవాటు ఉంది, దాన్ని వదులుకోకండి. రంగుకి ఒక పని చేయండి: ఆటో వైట్ బ్యాలెన్స్ వదిలేసి, వేదిక మీద తెల్ల వస్త్రమో తెల్ల కాగితమో ఉంటే దాన్నిబట్టి ముందే సెట్ చేసుకోండి. ఎల్‌ఈడీ కింద చామనఛాయ ఆకుపచ్చగా పోకుండా ఉంటుంది.

కాశిమేడు_గాలి | రాయపురం | నవంబర్ 9, రాత్రి 8:55

ఎవరూ అడగని సంగతి ఒకటి నేను చెప్పాలి. కెమెరా ఎక్కడ పెడతారు?

నేను తెల్లారుజామున కాశిమేడు రేవులో చేపల వేలం తీస్తుంటాను. అయిదేళ్ళ కిందట వానల్లో నెల రోజులు బయటికి వెళ్ళడం కుదరక కెమెరా సంచి బీరువాలో పెట్టాను. డిసెంబర్ చివర తీసి చూస్తే ఫొటోలు పాలు కలిపినట్టు వస్తున్నాయి. లెన్స్ వెనక నుంచి సెల్ టార్చ్ కొట్టి ముందు నుంచి చూశాను. లోపల గాజు అంచున సాలెగూడు పోగుల్లా సన్నని తెల్లని దారాలు, చెట్టు వేళ్ళలా మధ్యకి పాకుతున్నాయి. ఫంగస్. రిపేర్ చేసే పెద్దాయన విప్పి శుభ్రం చేశారు కానీ, అప్పటికే అది పైపూత తినేసింది. ఆ వేళ్ళ అచ్చు గాజు మీద ఇప్పటికీ ఉంది. ఎండకి ఎదురుగా తీస్తే తెలుస్తుంది. నా మొదటి బోనస్‌తో కొన్న లెన్స్ అది.

మన ఊళ్ళో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. మీరు కొనబోయేది సరిగ్గా ఈ నెలల్లో. డ్రై క్యాబినెట్ ఉంటే మంచిది. లేకపోతే గట్టిగా మూతపడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ ఎండిపోయినా రబ్బరుకి, లోపలి గ్రీజుకి మంచిది కాదు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు, కానీ వంట గిన్నెల్లో వద్దు, ముఖ్యంగా నీలం రంగుది. తోలు సంచిలో మాత్రం ఎప్పుడూ నిలవ పెట్టకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

ఇంకోటి. ఏసీ హాల్లోంచి బయటికి రాగానే కెమెరా తీస్తే గాజు చెమర్చుతుంది. అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి. బీచ్ నుంచి వస్తే, కాస్త తడిచేసి బాగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడవండి, ఉప్పు పోతుంది. మిర్రర్‌లెస్‌లో చాలావాటికి లెన్స్ తీయగానే సెన్సార్ నేరుగా గాలికి కనిపిస్తుంది, ముందు అద్దం ఉండదు. ఇసక ఎగిరే చోట లెన్స్ మార్చవద్దు.

కోనేటి_గట్టు | నవంబర్ 10, రాత్రి 9:15

మీ పోస్ట్ చదివి వెంటనే లేచి నా 50 ఎంఎంకి టార్చ్ కొట్టి చూశాను. బాగానే ఉంది. 18-140లో మాత్రం అంచున చుక్కలు రెండు ఉన్నాయి. దుమ్మో ఫంగసో తెలియడం లేదు.

అడయార్‌లో ఒకరు జెడ్50, కిట్ లెన్స్, ఎఫ్‌టీజెడ్ కలిపి అమ్ముతున్నారు. మూడేళ్ళ పాతది. ఏం చూసుకోవాలి?

అంబత్తూరు_అపర్చర్ | నవంబర్ 10, రాత్రి 9:50

బిల్లు అన్నా, మొదట బిల్లు. నేను ఒకసారి ఒక దుకాణంలో కొత్త లెన్స్ తక్కువకి ఇస్తున్నారని బిల్లు లేకుండా తీసుకున్నాను. ఎనిమిది నెలలకి ఫోకస్ మోటర్ ఆగింది. సర్వీస్‌కి తీసుకెళ్తే ఇది ఇండియాలో అమ్మిన పీస్ కాదు, వారంటీ లేదు అన్నారు. దుకాణంవాళ్ళు మేము అమ్మలేదన్నారు. చేతిలో కాగితం లేదు, ఏం మాట్లాడతాం. అప్పటి నుంచి సీరియల్ నంబర్ ఉన్న బిల్లు లేనిదే పాతదైనా ముట్టుకోను.

తర్వాత తెల్ల గోడని ఎఫ్ 16లో, ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీయండి. సెన్సార్ మీద దుమ్ము ఉంటే చుక్కలు కనిపిస్తాయి. దుమ్ము ఊదితే పోతుంది, గీత పోదు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఫొటో ఫైల్ నుంచి చూడండి. లెన్స్ బిగించి మెల్లగా ఊపి చూడండి, మౌంట్ వదులైతే తెలుస్తుంది. మెమరీ కార్డ్, ఇంకో బ్యాటరీ మీవే తీసుకెళ్ళండి.

సోనీ కొనమన్నది నేనే. కానీ అడాప్టర్‌తో మీ 70-300 కూడా పనికొస్తుంది కాబట్టి ఈ లెక్కే మీకు మేలు.

కాశిమేడు_గాలి | నవంబర్ 10, రాత్రి 10:02

చుక్కలు గుండ్రంగా, విడివిడిగా ఉంటే దుమ్ము. వాటికి వేళ్ళు మొలిచాయంటే ఫంగస్. అనుమానం ఉన్నన్నాళ్ళు ఆ లెన్స్‌ని కొత్తవాటితో ఒకే డబ్బాలో పెట్టకండి.

కోనేటి_గట్టు | నవంబర్ 16, సాయంత్రం 6:30

జెడ్50 తీసుకున్నాను, ఎఫ్‌టీజెడ్‌తో సహా. బిల్లు ఉంది. సెన్సార్ మీద రెండు చుక్కలు ఉంటే ఆయన ముందే ఊది చూపించారు. సిగ్మా 56 ఎంఎం కొత్తదే కొన్నాను. అన్నీ కలిపి బడ్జెట్ లోపే అయ్యాయి, మిగిలినదాంట్లో ప్లాస్టిక్ డబ్బా, మీటర్, రెండో బ్యాటరీ. డి7100 అమ్మడం లేదు.

పాతగాజు | నవంబర్ 16, రాత్రి 7:10

50 ఎంఎంని దానికి పెట్టి చూశారా?

కోనేటి_గట్టు | నవంబర్ 17, ఉదయం 8:25

ఈ ఉదయమే. కోనేటి మెట్ల మీద పూలు కట్టే అవ్వని అడిగి తీశాను. పీకింగ్ ఎరుపు రంగు ఆవిడ వేళ్ళ మీది దారం దాకా వచ్చి ఆగింది, అక్కడ నొక్కాను. పదేళ్ళ నుంచి ఈ లెన్స్ నా దగ్గరే ఉంది, ఇంత నెమ్మదిగా ఎప్పుడూ వాడలేదు. ఫొటో చూపిస్తే అవ్వ తమిళంలో ఒకటే మాట అడిగింది, ప్రింట్ తెచ్చిస్తావా అని. తెచ్చిస్తానన్నాను.

కోనేటి_గట్టు | డిసెంబర్ 21, రాత్రి 10:40

ఈ రోజు మా అమ్మాయి కచేరీ అయింది. అరగంట ముందే వెళ్ళి ఖాళీ వేదిక తీసి చూశాను. 100వ వంతులో చారలు లేవు. ఎఫ్ 2, ఐఎస్ఓ 2000 కుదిరింది. తెల్ల బ్యాలెన్స్ మైకు స్టాండ్ దగ్గర పరిచిన పంచెని బట్టి పెట్టుకున్నాను.

మొత్తం 212 తీశాను, ఎనభై దాకా నిలిచాయి. రాగం తీస్తున్నంతసేపూ నిశ్శబ్దంగానే తీశాను, ఎవరూ తిరిగి చూడలేదు. త్యాగరాజ కీర్తన చరణంలో ఒకచోట అమ్మాయి కళ్ళు మూసుకుని కమాను పూర్తిగా కొసకి తెచ్చి ఆపింది. సభా_చివరి_వరుస గారి మాట గుర్తుంది కాబట్టి వేలు అప్పటికే బటన్ మీద ఉంది. కమాను గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. వెనక తంబూర వేస్తున్న అమ్మాయి మసకగా, మృదంగం విద్వాంసుడు అమ్మాయి వైపే చూస్తూ. అక్క ఆ ఫొటో చూసి చాలాసేపు ఫోన్ నాకు ఇవ్వలేదు.

తప్పులు కూడా చెప్పాలి. తని ఆవర్తనంలో మెకానికల్‌కి మారాను కానీ షట్టర్ వేగం 100 దగ్గరే మర్చిపోయాను. మృదంగం చేతులన్నీ అలికినట్టు వచ్చాయి. ఇంకోటి, వాళ్ళ ముగ్గురినీ ఎఫ్ 2లో తీసినప్పుడు అమ్మాయి ఒక్కతే స్పష్టంగా ఉంది. ఎఫ్ 4 పెట్టాల్సింది.

సభా_చివరి_వరుస | డిసెంబర్ 22, ఉదయం 6:05

చాలా సంతోషం అండీ. జెడ్50 మోడ్ డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే యూ1, యూ2 అని ఉన్నాయి చూడండి. యూ1లో నిశ్శబ్దం, 100వ వంతు, ఎఫ్ 2 పెట్టి భద్రం చేయండి. యూ2లో మెకానికల్, 500వ వంతు. ఇక తని మొదలవగానే డయల్ ఒక్క మెట్టు తిప్పితే చాలు, మర్చిపోయే పనే లేదు. ముగ్గురి ఫ్రేమ్‌కి యూ1లోనే అపర్చర్ ఎఫ్ 4కి తిప్పుకోండి.

కాశిమేడు_గాలి | డిసెంబర్ 22, ఉదయం 9:30

ఏసీ హాల్లోంచి వచ్చాక సంచిలో అరగంట ఉంచారా? ఇప్పుడు డబ్బాలో తేమ ఎంత?

కోనేటి_గట్టు | డిసెంబర్ 22, ఉదయం 9:52

ఉంచాను అన్నా. ఇప్పుడే చూశాను, 46.